విక్రమార్కుడు: నవ్వించిన దొంగ, నిలబడ్డ పోలీసు

మన హాస్టల్ టీవీ ముందు ఆదివారం పూట ఏ చానల్ పెట్టాలన్న దానిమీద తెనాలి వాళ్లకీ, బాపట్ల వాళ్లకీ, రేపల్లె వాళ్లకీ గొడవ జరగని వారం ఉండేది కాదు. ‘విక్రమార్కుడు’ వస్తోందంటే మాత్రం రిమోట్ ఎవరి చేతిలో ఉందో కూడా ఎవరూ చూసేవారు కాదు. అన్నిసార్లు చూసినా విసుగు రాని ఆ సినిమాలో ఏముంది? నాకు తోచిన నాలుగు మాటలు ఈ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్లతో పంచుకుంటున్నాను.

ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో ఈ చిత్రం 2006 జూన్ 23న విడుదలైంది. కథ విజయేంద్రప్రసాద్, సంగీతం కీరవాణి. రవితేజ రెండు పాత్రలు వేశాడు. ఒకటి చిల్లర దొంగ అత్తిలి సత్తిబాబు, రెండోది పోలీసు అధికారి విక్రమ్ సింగ్ రాథోడ్. దొంగకు తోడు బ్రహ్మానందం వేసిన దువ్వ అబ్బులు. అత్తిలి, దువ్వ రెండూ పశ్చిమ గోదావరి జిల్లాలో నిజంగా ఉన్న ఊళ్లే. రేపల్లె ప్యాసింజరు దారిలో వచ్చే వేమూరునీ, భట్టిప్రోలునీ ఇంటిపేర్లు చేసి ఇద్దరు కుర్రాళ్లకు తగిలించినట్టన్నమాట. పేరు వినగానే వీళ్లెవరో మనవాళ్లే అనిపిస్తుంది.

సినిమా పేరు కూడా మనకు కొత్తది కాదు. ఎన్నిసార్లు మౌనం చెడినా మళ్లీ చెట్టెక్కి శవాన్ని భుజాన వేసుకునే విక్రమార్కుడి కథలు ‘చందమామ’ ద్వారా తెలుగు పిల్లలందరికీ చేరాయి. 1947లో మొదలైన ఆ పత్రికను నడిపిన చక్రపాణి గారు, దానిలో ఏళ్లతరబడి పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు గారు ఇద్దరూ తెనాలి వారే. పట్టు వదలని ఆ రాజు పేరును రాజమౌళి ఒక పోలీసుకు పెట్టాడు. కానీ చివరికి ఆ బరువు మోసింది ఎవరు? దొంగ! కథలోని అసలు మలుపు అదే.

సత్తిబాబు దొంగతనం మానేసి పెళ్లి చేసుకుందామనుకుంటాడు. చివరిసారిగా కొట్టేసిన పెట్టెలో ఒక చిన్నపాప ఉంటుంది. ఆ పాప వాణ్ణే నాన్న అనుకుంటుంది. ఆమె అసలు తండ్రి రాథోడ్. చంబల్ ప్రాంతపు దేవ్‌గఢ్‌లో బావూజీ అనే వాడి రాజ్యాన్ని ఎదిరించిన అధికారి. సత్తిబాబునీ పాపనీ కాపాడి ఆయన చనిపోతే, ఆయన యూనిఫాం వేసుకుని సత్తిబాబు దేవ్‌గఢ్ వెళతాడు.

మొదటి సగంలోని నవ్వులు వేరు, రెండో సగంలోని ఫైట్లు వేరు అని చాలామంది అంటారు. నేనలా అనుకోను. మొదట్లో మనం నవ్వేదంతా దొంగకు పోలీసంటే ఉన్న భయం చూసి. దేవ్‌గఢ్‌లో కనిపించేది కూడా భయమే. అక్కడ ఇన్‌స్పెక్టరు భార్యనే బావూజీ కొడుకు ఎత్తుకుపోతే, ఒంటిమీద యూనిఫాం ఉన్న ఆ భర్త కూడా ఏమీ చేయలేకపోతాడు. అంటే నవ్వించిన భయాన్నే తిప్పి చూపి దర్శకుడు మనల్ని ఏడిపించాడు. ఈ కథ కన్నడంలో ‘వీర మదకరి’గా 2009లో, తమిళంలో ‘సిరుతై’గా 2011లో, హిందీలో ‘రౌడీ రాథోడ్’గా 2012లో వచ్చిందంటే కారణం ఇదేననుకుంటాను. స్టేషను మెట్లు ఎక్కడానికి జంకే మనిషి ప్రతి భాషలోనూ ఉన్నాడు.

మా ఇంట్లోనూ ఉన్నాడు. నా చిన్నతనంలో మా నాన్న సైకిలు పోయింది. కూలికి వెళ్లాలంటే అదే ఆధారం. నన్ను వెంటబెట్టుకుని స్టేషను దాకా వెళ్లాడు. ఎదురుగా చెట్టు కింద చాలాసేపు నిలబడ్డాడు. లోపలికి వెళ్లలేదు. “పోనీలే రా అయ్యా, మన మాట ఎవరు వింటారు” అని వెనక్కు తీసుకొచ్చాడు. ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదు. అనకముందే భయం పనిచేసింది.

అందుకే రాథోడ్‌కు చప్పట్లు కొడుతూనే ఒక మాట గుర్తుంచుకోవాలి. తెరమీద ఆయన తన్ని, చంపి న్యాయం చేస్తాడు. రెండున్నర గంటల్లో కథ ముగియాలి కాబట్టి అక్కడ అది చెల్లుతుంది. బయట అది చెల్లదు. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టయిన వారిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అరెస్టు సంగతి వాళ్ల మనుషులకు తెలియజేయాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త చట్టం ప్రకారం నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా, కేసు పెట్టదగిన నేరమైతే ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు చేయవచ్చు. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి. దెబ్బలు పడితే ముందుగా పడేది బావూజీలకు కాదు, సత్తిబాబులకే. ఈ నిబంధనలు వాళ్లకోసమే.

మన హాస్టల్లో తెల్లవారుజామున లేచి కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే తమ్ముళ్లున్నారు. వాళ్లకు నేను చెప్పేదొక్కటే. రాథోడ్ ధైర్యం మీకు రావాలి. కానీ ఆ సినిమాలో స్టేషనంటే బయటివాడికి ఎలా ఉంటుందో తెలిసి యూనిఫాం వేసుకున్నవాడు సత్తిబాబు ఒక్కడే. మీకూ అది తెలుసు. రేపు మీరు డ్యూటీలో ఉన్నప్పుడు ఎదురుగా చెట్టు కింద ఎవరైనా చాలాసేపటి నుంచి నిలబడి ఉంటే, బయటికొచ్చి “ఏం పెద్దాయనా, ఏం పనిమీద వచ్చారు?” అని అడగండి.