ఆగిపోయిన సియాజ్‌ను ఇప్పుడు కొనొచ్చా?

మారుతి సుజుకి సియాజ్ 2014 అక్టోబరులో వచ్చింది. అప్పట్లో ఢిల్లీ ఎక్స్‌షోరూమ్ ధర 6.99 లక్షల నుంచి మొదలైంది. పదేళ్ల పైచిలుకు అమ్ముడై, 3 లక్షలకు పైగా ఇళ్లకు చేరి, 2025 ఏప్రిల్‌లో కంపెనీ జాబితా నుంచి తప్పుకుంది. కారు బాగోలేక కాదు. కొనేవాళ్ల చూపు ఎత్తు కార్ల మీదికి మళ్లింది. ఇంచుమించు అదే ధరకు ఎస్‌యూవీ దొరుకుతుంటే పొడుగాటి సెడాన్ అడిగేవాళ్లు తగ్గిపోయారు. షోరూములో కనుమరుగైన ఈ కారు పాత కార్ల యాప్‌లలో, ఊళ్లలోని కన్సల్టెన్సీల్లో మాత్రం ఇప్పటికీ కనబడుతూనే ఉంది. మధ్యతరగతి కుటుంబం అక్కడే ఆగి ఆలోచిస్తుంది: తయారీ ఆగిపోయిన కారు మీద లక్షలు పోయడం తెలివైన పనేనా?

ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది. కంపెనీయే దేశం విడిచి వెళ్లడం వేరు, ఒక మోడల్ ఆగిపోవడం వేరు. షెవర్లే 2017 చివర్లో భారత్‌లో అమ్మకాలు మానేసింది. ఫోర్డ్ 2021లో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సర్వీసు కొనసాగిస్తామని రెండూ చెప్పినా, చిన్న పట్టణాల్లో ఉండే ఓనర్లకు దగ్గర్లోని వర్క్‌షాప్ దూరమైంది. సియాజ్ సంగతి అది కాదు. మారుతి వర్క్‌షాప్ లేని జిల్లా కేంద్రం తెలుగు రాష్ట్రాల్లో అరుదు.

అంతకన్నా ధీమా ఇచ్చేది ఇంజిన్. 2018 ఆగస్టు తర్వాత వచ్చిన సియాజ్‌లోని 1.5 లీటర్ కె15 పెట్రోల్ ఇంజిన్ ఆ ఒక్క కారుకే పరిమితం కాదు. ఎర్టిగా, ఎక్స్ఎల్6, బ్రెజా, ఎస్-క్రాస్‌లలో ఏళ్ల తరబడి అదే నడిచింది, జిమ్నీలో ఇంకా నడుస్తోంది. పాత 1.3 డీజిల్ ఫియట్ రూపొందించిన మల్టీజెట్. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్ మొదలుకొని టాటా ఇండికా విస్టా దాకా అందులో ఉన్నది ఆ ఇంజినే. దాన్ని విప్పి బిగించడం తెలియని మెకానిక్ ఉండడు. కాబట్టి ఫిల్టర్లు, బెల్టులు, క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్యాడ్ల కోసం బెంగపడనక్కర్లేదు.

బెంగపడాల్సింది బాడీ విషయంలో. హెడ్‌లైట్లు, బంపర్లు, డోర్లు, వెనక అద్దం, డిక్కీ మూత సియాజ్‌కే ప్రత్యేకం. పైగా 2018లో కారు ముందు భాగం రూపు మారింది. ఒక తరం బంపర్ ఇంకో తరానికి సరిపోదు. పై వేరియంట్ల ఎల్ఈడీ హెడ్‌లైట్ పగిలితే బిల్లు గట్టిగానే ఉంటుంది. ఇవి ఇవాళ దొరుకుతున్నాయి, ఏళ్లు గడిచేకొద్దీ ఆర్డరిచ్చి ఎదురుచూడాల్సి వస్తుంది. అందుకే చిన్న దెబ్బలున్న కారును ‘తర్వాత చేయించుకుందాంలే’ అని కొనడం ఈ మోడల్‌లో మంచిది కాదు. బాడీ చెక్కుచెదరని కారుకు కాస్త ఎక్కువిచ్చినా తప్పులేదు.

ఇంతకీ సియాజ్‌ను కోరి కొనడానికి కారణమేంటి? వెనక సీటు. కారు పొడవు 4,490 మిల్లీమీటర్లు, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 2,650. ఆ కాలపు హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నాలలో ఈ దూరం 2,600. ఆ 50 మిల్లీమీటర్ల తేడా వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లకు తెలుస్తుంది. ముందు సీటును ఆరడుగుల మనిషి వెనక్కి జరుపుకున్నా, వెనక కూర్చున్న పెద్దవాళ్లు కాళ్లు చాపుకోవచ్చు. 510 లీటర్ల డిక్కీలో కుటుంబమంతా తిరుమల వెళ్లొచ్చే సామాను పట్టేస్తుంది. వెనక ఏసీ వెంట్లు ఉన్నాయి. నేలకు 170 మిల్లీమీటర్ల ఎత్తు ఉండటంతో మన స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు రాసుకునే బాధ సెడాన్‌లలో దీనికి తక్కువే. స్టీరింగ్ తేలిక, సస్పెన్షన్ మెత్తన. హుషారుగా నడపాలనుకునే కుర్రాళ్లకు ఇది రుచించదు. తల్లిదండ్రులను ఆస్పత్రికీ, పిల్లలను ఊరికీ తిప్పే ఇంటికి ఇంతకన్నా సుఖమైన కారు అదే డబ్బుకు దొరకడం కష్టం.

అయితే సియాజ్‌లన్నీ ఒకటి కాదు. ఏ ఏడాది, ఏ ఇంజిన్ అన్నదాన్ని బట్టే బేరం మంచిదా కాదా అనేది తేలుతుంది.

2014 నుంచి 2018 దాకా వచ్చిన పెట్రోల్ కార్లలో 1.4 లీటర్ ఇంజిన్ ఉంటుంది. నెమ్మదస్తురాలు, మొరాయించదు. ఘాట్ రోడ్డు మీద ఐదుగురితో ఎక్కేటప్పుడు మాత్రం గేర్లు మార్చుతూనే ఉండాలి. 2018 ఆగస్టులో దాని స్థానంలో 105 పీఎస్ శక్తినిచ్చే 1.5 లీటర్ ఇంజిన్ వచ్చింది. సిగ్నల్ దగ్గర తనంతట తాను ఆగి, క్లచ్ తొక్కగానే మళ్లీ స్టార్టయ్యే చిన్నపాటి హైబ్రిడ్ ఏర్పాటు, దానికి తోడుగా లిథియం అయాన్ బ్యాటరీ అమర్చారు. కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకు 20 కిలోమీటర్ల పైనే. ఊళ్లో ట్రాఫిక్‌లో అంత రాదు, హైవే మీద నిలకడగా వెళ్తే దగ్గరికొస్తుంది. 2020 జనవరి నుంచి బీఎస్6 ప్రమాణాలకు మారింది. కుటుంబం కోసం వెతికేవారు గురిపెట్టాల్సింది ఈ 2018 ఆగస్టు తర్వాతి 1.5 పెట్రోల్ మాన్యువల్ మీదే.

ఆటోమేటిక్ కావాలనుకునేవారికి ఒక్క మాట. సియాజ్‌లో ఉన్నది నాలుగు గేర్ల పాతకాలపు టార్క్ కన్వర్టర్. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది, మైలేజీ కాస్త తగ్గుతుంది. కానీ సెకండ్ హ్యాండ్‌లో కొనేవారికి పాతతనమే మేలు. ఇతర కంపెనీల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు పాడైతే వచ్చే బిల్లుతో పోలిస్తే దీని మీద భయం చాలా తక్కువ. పట్నం ట్రాఫిక్‌లో రోజూ ఆఫీసుకు వెళ్లేవారికి ఇది సరిపోతుంది.

డీజిల్ విషయం కొంచెం లోతుగా చూడాలి. 2015లో హైబ్రిడ్ హంగుతో వచ్చిన 1.3 డీజిల్‌కు కంపెనీ లీటరుకు 28.09 కిలోమీటర్లు ప్రకటించింది. ఈ అంకె చూపించి అమ్మేవాళ్లు ఊరిస్తారు. లెక్క వేసి చూద్దాం. లీటరు పెట్రోలు 107, డీజిలు 96 రూపాయలనుకుందాం. వాస్తవంలో పెట్రోలు కారు 15, డీజిలు కారు 20 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే పెట్రోలుకు దాదాపు 7,130, డీజిలుకు 4,800. నెలకు 2,300 మిగులు. తిరుగుడు 500 కిలోమీటర్లకు పడిపోతే మిగులూ సగమవుతుంది. టర్బో, ఇంజెక్టర్లలో ఒక్కటి మొరాయించినా రెండేళ్ల మిగులు ఒక్క బిల్లులో హరించుకుపోతుంది. పైగా ఎక్కువ తిరిగేవాళ్లే డీజిల్ కొన్నారు కాబట్టి, మీటరులో తక్కువ కిలోమీటర్లు చూపించే డీజిల్ సియాజ్‌ను అనుమానంతోనే చూడాలి. 2019లో సుజుకి సొంతంగా తయారుచేసిన 95 పీఎస్ 1.5 డీజిల్ వచ్చింది. నడపడానికి అన్నిటిలోకి మెరుగైనది. బీఎస్6 రావడంతో 2020 ఏప్రిల్ నాటికి ఏడాది పైచిలుకు జీవితంతోనే వెళ్లిపోయింది. దాని విడిభాగాలు మల్టీజెట్ అంత విరివిగా ఉండవు.

కొనే ముందు తప్పక చూడాల్సింది, చాలామంది చూడనిది రీకాల్. 2019 డిసెంబరులో మారుతి 63,493 కార్లను వెనక్కి పిలిచింది. 2019 జనవరి 1 నుంచి నవంబరు 21 మధ్య తయారైన పెట్రోల్ సియాజ్, ఎర్టిగా, ఎక్స్ఎల్6లవి. 2021 సెప్టెంబరులో మరో 1,81,754 పెట్రోల్ కార్లను పిలిచింది. 2018 మే 4 నుంచి 2020 అక్టోబరు 27 మధ్య తయారైన ఆ కార్లలోనూ సియాజ్ ఉంది. రెండుసార్లూ కారణం హైబ్రిడ్ ఏర్పాటుకు గుండెలాంటి మోటార్ జనరేటర్ యూనిటే. అనుమానమున్న భాగాన్ని తనిఖీ చేసి, అవసరమైతే ఉచితంగా మార్చారు. పైన మనం గురిపెట్టమన్న కార్లలో చాలానే ఈ తేదీల మధ్య తయారయ్యాయి. ఆర్సీ మీద ఛాసిస్ నంబరు చూసి, కంపెనీ వెబ్‌సైట్‌లో గానీ వర్క్‌షాప్‌లో గానీ అడిగితే ఆ పని జరిగిందో లేదో చెప్పేస్తారు. జరగకపోయి ఉంటే డబ్బు ఇచ్చేలోపే చేయించమనాలి.

భద్రత దగ్గర సియాజ్ వెనకబడింది, దాచాల్సిన పనిలేదు. చివరి రోజు దాకా రెండే ఎయిర్‌బ్యాగులు. మొదటి ఏళ్ల కింది వేరియంట్లలో ఎయిర్‌బ్యాగులు ఉన్నాయో లేదో కారు కారుకూ చూసుకోవాలి. కారు పట్టుతప్పకుండా కాపాడే ఈఎస్పీ అన్ని వేరియంట్లకూ వచ్చింది 2023 ఫిబ్రవరిలోనే. రాత్రిళ్లు హైవే మీద ఎక్కువగా తిరిగే కుటుంబమైతే బడ్జెట్ కొంచెం పెంచుకుని ఆ తర్వాతి కారును వెతకాలి. ఆరు ఎయిర్‌బ్యాగులు ఉండి తీరాలనుకునేవారు సియాజ్ జోలికి రాకపోవడమే మంచిది.

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్న ఈ రోజుల్లో 2023కు ముందు తయారైన కార్లన్నిటికీ ఉన్న ఇబ్బంది దీనికీ ఉంది. మైలేజీ కొంత తగ్గుతుంది. ఇంధనం వెళ్లే రబ్బరు గొట్టాలను సర్వీసు చేయించినప్పుడల్లా చూపించుకోవాలి.

ఇక కారు దగ్గరికి వెళ్దాం. పగటిపూటే చూడాలి. ‘మేమొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు’ అని ముందే చెప్పి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే ఎవరో ముందే వేడిచేసి పెట్టారన్నమాట. చల్లని ఇంజిన్ స్టార్టయ్యే తీరులోనే దాని ఆరోగ్యం తెలుస్తుంది. నాలుగు డోర్ల అద్దాల మూలన చిన్న అక్షరాల్లో తయారీ సంవత్సరం సూచించే గుర్తు ఉంటుంది. మూడింటి మీద ఒక ఏడాది, ఒక్కదాని మీద మరో ఏడాది ఉంటే ఆ పక్క ఏం జరిగిందో అడగాలి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 3519 అంటే 2019లో 35వ వారం. మీటరులో 25 వేల కిలోమీటర్లే ఉండి, టైర్లు మాత్రం కారుకన్నా నాలుగేళ్లు చిన్నవైతే లెక్క కుదరదు. ఫెండర్ బోల్టుల మీద రంగు చెదిరి, పానా పట్టిన గుర్తులుంటే దాన్ని విప్పారన్నట్టే. నడిపేటప్పుడు గతుకుల మీద ముందు చక్రాల దగ్గర టకటక చప్పుడొస్తే లింక్ రాడ్లు, బుష్‌లు అరిగి ఉండొచ్చు. ఇది పెద్ద రోగం కాదు, ధర తగ్గించమనడానికి పనికొస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తాను ఆగి మళ్లీ స్టార్టవుతోందా, హైబ్రిడ్ వార్నింగ్ లైటు వెలుగుతోందా అన్నవి మాత్రం ఓపిగ్గా పరీక్షించాలి. వర్క్‌షాప్‌లో కారు నంబరు చెప్పి, ఓనర్ సమక్షంలో సర్వీసు చరిత్ర అడిగితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లకు వచ్చిందో వరసగా బయటపడుతుంది. మీటరు వెనక్కి తిప్పినవాళ్లు అక్కడే దొరికిపోతారు.

వరద కార్ల భయం మన దగ్గర ఉత్తుత్తిది కాదు. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడాలి. పైపైన కడిగినవాళ్లు అంత లోపలికి వెళ్లరు, బురద మరక అక్కడ మిగిలిపోతుంది. స్టెప్నీ ఎత్తి దాని కింద గుంట, సీటు పట్టాల తుప్పు చూడాలి. ఏ మాత్రం అనుమానమున్నా వదిలేయాలి. నీళ్లు తాగిన వైరింగ్‌ను నయం చేసే మెకానిక్ లేడు.

ఢిల్లీ నంబరుతో చౌకగా వచ్చే డీజిల్ కార్లు మరో ఊరింపు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆంక్షలు పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు వాటిని బలపరిచింది. 2025లో కొంత ఊరట దొరికినా, ఆ భయంతో చౌకగా అమ్ముడైన కార్లు దక్షిణాదికి వచ్చాయి. వాటికి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. ఈ ఖర్చులన్నీ కలిపాక కూడా చౌకగా ఉంటేనే అది చౌక.

ధర మాట్లాడేటప్పుడు రెండు సంగతులు చేతిలో ఉంచుకోవాలి. సియాజ్ ఆగిపోయేనాటికి కొత్త కారు ఎక్స్‌షోరూమ్ ధర సుమారు 9.4 నుంచి 12.3 లక్షలు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల జీఎస్టీ 18 శాతానికి తగ్గడంతో కొత్త డిజైర్ లాంటివి చౌకయ్యాయి. పాత సియాజ్‌కు వాటికి దగ్గరి ధర చెబుతుంటే, కొత్త చిన్న సెడాన్ ధర ఎదురుగా పెట్టి మాట్లాడాలి.

బేరం కుదిరాక అసలు పని మొదలవుతుంది. లోన్ బాకీ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీతో పాటు ఫారం 35, పేరు మార్పుకు ఫారం 29, 30 సంతకాలతో తీసుకోవాలి. చలాన్లు అమ్మినవారి చేతే కట్టించాలి. ఇన్సూరెన్సును 14 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. అందులోని నో క్లెయిమ్ బోనస్ పాత ఓనర్‌తోనే వెళ్లిపోతుంది, కాబట్టి ఆ తేడా డబ్బు కొన్నవారే కట్టాలి. ఆర్సీ సంగతి ‘తర్వాత చూద్దాం’ అని వదిలేయడం ఇద్దరికీ ప్రమాదమే. కారు చేతులు మారుతూ వెళ్లినా, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్నవారిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అమ్మేవారూ కొనేవారూ ఆర్టీఏ దరఖాస్తు నంబరు చేతికొచ్చాకే తాళాలు, చివరి విడత డబ్బు మార్చుకోవాలి.