లాగిన్ ఎంతకాలం నిలవాలి?

ఫోనులోని బ్రౌజర్‌లో నడిచే వెబ్ అప్లికేషన్‌లోకి ఒకసారి పాస్‌వర్డో ఓటీపీయో ఇచ్చి ప్రవేశించినవారు మర్నాడు తెరిచినా ఖాతా అలాగే ఉండాలని ఆశించడం సహజమే గాని, వెబ్‌కు పునాది అయిన హెచ్‌టీటీపీ అనే సంభాషణ నియమావళికి జ్ఞాపకం అంటూ ఏదీ లేదు. దాని ప్రకారం ఫోను నుంచి వచ్చే ప్రతి అభ్యర్థనా సర్వర్‌కు, అంటే సమాచారం అందించే అవతలి కంప్యూటర్‌కు, కొత్తదే; క్షణం క్రితం లాగిన్ అయిన వ్యక్తే ఇప్పుడు మరో పేజీ అడుగుతున్నట్లు తెలుసుకునే ఏర్పాటు అందులో లేదు.

ఈ లోటు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ సంస్థ ఉద్యోగి లూ మాంటుల్లీ కుకీ అనే పద్ధతిని రూపొందించాడు. సర్వర్ పంపిన చిన్న పాఠాన్ని బ్రౌజర్ దాచుకొని, తరువాత అదే సర్వర్‌కు వెళ్లే అభ్యర్థనలన్నిటికీ జతచేస్తుంది. ఆ పాఠమే కుకీ. లాగిన్ సఫలం కాగానే సర్వర్ ఎవరూ ఊహించలేని పొడవాటి గుర్తును తయారుచేసి, అది ఎవరి ఖాతాకు చెందిందో తన దగ్గర నమోదు చేసుకొని, ఫోనుకు కుకీగా అందజేస్తుంది. గుడి ముందు చెప్పుల స్టాండులో టోకెన్ చూపినవారికి చెప్పులు ఇచ్చేసినట్లే, ఆ తరువాత సర్వర్ చూసేది గుర్తునే తప్ప దాన్ని తెచ్చిన మనిషిని కాదు. సౌకర్యమూ ప్రమాదమూ రెండూ ఇక్కడే పుట్టాయి.

ప్రమాదం ఎంతటిదో 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ విడుదల చేసిన ఫైర్‌షీప్ అనే సాధనం లోకానికి చాటింది. అప్పట్లో పేరున్న వెబ్‌సైట్లు కూడా పాస్‌వర్డ్ ఇచ్చే పేజీని మాత్రమే గోప్యలిపిలోకి మార్చి, మిగిలిన పేజీలను బహిరంగంగా పంపుతుండటంతో, తాళం లేని వైఫై వాడుతున్నవారి కుకీలను పక్కనున్నవారు పట్టుకొని, పాస్‌వర్డ్ అవసరమే లేకుండా వారి ఖాతాల్లోకి ప్రవేశించగలిగారు. ఇప్పుడు సర్వర్లు కుకీకి కొన్ని షరతులు జోడిస్తాయి: ‘సెక్యూర్’ అన్న షరతుంటే అది గోప్యలిపి మార్గంలోనే ప్రయాణిస్తుంది, 2002లో మైక్రోసాఫ్ట్ తన బ్రౌజర్‌లో ప్రవేశపెట్టిన ‘హెచ్‌టీటీపీ ఓన్లీ’ అన్న షరతుంటే పేజీలో నడిచే జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు దాన్ని చదవలేవు.

కుకీ ఆయుష్షును నిర్ణయించేది సర్వరే అయినా, బ్రౌజర్లు కూడా హద్దులు పెడుతున్నాయి. 2022 నుంచి క్రోమ్ ఏ కుకీనీ 400 రోజులకు మించి ఉంచుకోవడం లేదు. సఫారీ అయితే 2019 నుంచి జావాస్క్రిప్ట్ ద్వారా సృష్టించిన కుకీలకు ఏడు రోజులే గడువిస్తోంది. ప్రకటనల కోసం జనాన్ని వెంబడించేవారిని అడ్డుకోవడానికి పెట్టిన ఈ నియమం, లాగిన్ గుర్తును నిర్లక్ష్యంగా అదే పద్ధతిలో దాచిన అప్లికేషన్లకూ వర్తిస్తుంది.

ఫోనుకు మరికొన్ని ప్రత్యేక చిక్కులున్నాయి. ఇంటి వైఫై వదిలి మొబైల్ డేటాకు మారగానే ఫోను ఐపీ చిరునామా మారుతుంది గనుక, చిరునామా మారితే దొంగతనమేనని భావించే సర్వర్ వీధి మలుపులోనే వాడుకరిని బయటికి పంపేస్తుంది. సామాజిక మాధ్యమ యాప్‌లో వచ్చిన లింకును నొక్కితే తరచుగా ఆ యాప్ లోపలి బ్రౌజరే తెరుచుకుంటుంది. దాని కుకీల నిల్వ వేరు కావడంతో, క్రోమ్‌లో ఎప్పుడో లాగిన్ అయినవారిని కూడా మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది.

ఒకే గుర్తుకు దీర్ఘకాలం గడువివ్వడానికి బదులు, 2012లో ప్రమాణంగా వెలువడిన ఓఆథ్ 2.0 అనే అనుమతుల పద్ధతిలో టోకెన్లు అనే గుర్తులు రెండు ఉండవచ్చు: నిమిషాల్లోనో గంటల్లోనో గడువు తీరే యాక్సెస్ టోకెన్ ఒకటి, అది తీరినప్పుడు కొత్తదాన్ని తెచ్చే దీర్ఘకాలిక రిఫ్రెష్ టోకెన్ మరొకటి. భద్రత పెంచడానికి అనేక సంస్థలు రిఫ్రెష్ టోకెన్‌ను కూడా వాడిన ప్రతిసారీ మార్చి, పాతది మళ్లీ కనిపిస్తే దొంగ చేతికి చిక్కిందని భావించి ఆ లాగిన్‌ను రద్దు చేస్తాయి. తర్కం చక్కగానే ఉంది గాని, రైలు సొరంగంలోకి వెళ్లే సమయంలో సర్వర్ కొత్త టోకెన్ పంపి, అది ఫోనుకు చేరకముందే సిగ్నల్ పోతే, ఫోను దగ్గర పాతదే మిగిలి, సొరంగం దాటాక దాన్నే చూపించిన నిరపరాధి దొంగగా లెక్కకు వస్తాడు. అందుకే అనుభవజ్ఞులైన నిర్మాతలు పాత టోకెన్‌ను మరికొన్ని క్షణాలు అంగీకరించే వెసులుబాటు పెడతారు. మంచి సిగ్నల్ ఉన్న కార్యాలయంలో మాత్రమే పరీక్షించేవారికి దీని అవసరం తట్టదు.

గడువు ఎంత ఉండాలన్నది చివరికి పోగొట్టుకునేది ఎంతన్న ప్రశ్నపై ఆధారపడుతుంది. వార్తలు చదివేవారిని రోజూ ఓటీపీ అడగడం అనవసరమైన హింస. బ్యాంకు ఖాతాను నెలల తరబడి తెరిచి ఉంచడం, అందులోనూ ఒకే ఫోను ఇంటిల్లిపాదీ వాడే చోట, అంతకన్నా తప్పు. వీటి మధ్య మెరుగైన దారి, లాగిన్‌ను దీర్ఘకాలం నిలిపి, డబ్బు పంపడం, పాస్‌వర్డ్ మార్చడం వంటి పనుల ముందు మాత్రం వేలిముద్రో పిన్నో మళ్లీ అడగడం. ఇక లాగౌట్ నొక్కినప్పుడు ఫోనులోని కుకీని చెరిపితే చాలదు. సర్వర్ తన దగ్గరి నమోదును కూడా తొలగించాలి, లేకపోతే ఎక్కడో నకలుగా మిగిలిన గుర్తు గడువు తీరేదాకా చెల్లుతూనే ఉంటుంది.