భట్టీ నుంచి ఓవెన్ దాకా: మన ఊరి బేకరీ

ఒక పట్టణపు వయస్సును దాని కోటగోడలను బట్టి, గుడి గోపురాలను బట్టి, మసీదు మినార్లను బట్టి లెక్కించడం చరిత్రకారుల పద్ధతి. ఆ పట్టణపు నిత్యజీవితాన్ని తెలుసుకోగోరేవారు మాత్రం సాయంకాలం బజారులోని బేకరీ ముందు కాసేపు నిలబడితే చాలు. బస్సు కోసం వేచి ఉంటూ బన్ను కొనుక్కొనే విద్యార్థి, ఆసుపత్రిలో ఉన్న బంధువుకు డబల్ రొట్టె తీసుకొనిపోయే రైతు, పిల్లవాని పుట్టినరోజుకు కేకు మీద పేరు వ్రాయించుకొనే గుమాస్తా, రంజాన్ ఉపవాసం విడిచే వేళకు ఇల్లు చేరాలని తొందరపడే పెద్దమనిషి, అందరూ ఆ అద్దాల బీరువా ముందే కలుసుకుంటారు. కులమతాల ప్రసక్తి లేకుండా సర్వులూ ఒకే వరుసలో నిలబడే స్థలాలు మన పట్టణాలలో ఎన్నో లేవు. అట్టి బేకరీ మన దేశంలో ఎలా ఎదిగింది, కాలంతోపాటు ఎలా మారింది, ఇక ముందు ఎలా నిలుస్తుంది అనే ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కరీంనగర్, ఆదిలాబాద్ సీమలు వరికి, జొన్నకు, మక్కకు పుట్టిళ్లు. ఇక్కడ రొట్టె అంటే పెనం మీద కాల్చిన జొన్నరొట్టెయే. అందుచేతనే బేకరీ రొట్టెకు మనవాళ్లు వేరే పేరు పెట్టుకొని ‘డబల్ రొట్టె’ అన్నారు. పిండి పొంగి రెట్టింపు అవుతుంది కనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. పోర్చుగీసు భాష నుంచి ‘పావ్’ అనే మాట వచ్చింది. ‘బిస్కట్’ అనే మాటకు మూలార్థం రెండుసార్లు కాల్చినది అని. పులిసిన పిండిని ఉర్దూలో ‘ఖమీర్’ అనీ, రొట్టెలు కాల్చేవానిని ‘నాన్‌బాయి’ అనీ అంటారు. ఇన్ని భాషల మాటలు ఒకే దుకాణంలో వినిపించడమే ఈ వృత్తి ఎన్ని దారుల వెంట మన గడపకు వచ్చిందో తెలుపుతున్నది.

ఆ దారులలో ముఖ్యమైనవి రెండు. మొదటిది తందూరు దారి. హైదరాబాదు పురానీ హవేలీ ప్రాంతంలో 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం నాలుగు మూలల నాన్‌కు పేరుపొందింది. రెండవది భట్టీ దారి. సికింద్రాబాదు కంటోన్మెంటులోని ఆంగ్లేయుల అలవాట్లు, ఇరానీ హోటళ్ల చాయ్ దీనికి ఊపిరి పోశాయి. 1929లో కాజీపేట, బల్హార్షా రైలుమార్గం పూర్తయి మద్రాసును, ఢిల్లీని నేరుగా కలిపింది. ఆ మార్గం మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్‌ల మీదుగానే పోతుంది. బొగ్గుగనులు, కాగితపు మిల్లు ఉన్న ఆ ఊళ్లలో షిఫ్టులకు వెళ్లే కార్మికునికి వేళకాని వేళ పొయ్యి వెలిగించే తీరిక ఉండదు. అట్టివానికి చాయ్‌లో ముంచుకొనే బన్ను, రస్కు ఎంత ఉపకారమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక భట్టీ పనితీరును గమనింతము. భట్టీ అనగా ఇటుకలతో, మట్టితో గుమ్మటం వలె కట్టిన పెద్ద పొయ్యి. అందులో కట్టెలు చాలసేపు మండించి, నేల, కప్పు బాగా వేడెక్కిన తరువాత నిప్పులను, బూడిదను బయటకు లాగివేస్తారు. ఆపైన రొట్టెను కాల్చేది మంట కాదు, ఇటుకలు దాచుకొన్న వేడి. ఆ వేడి గంట గంటకూ తగ్గుతుంది. అందుచేత పని కూడా ఆ వరుసలోనే సాగుతుంది. తీవ్రమైన వేడిలో రొట్టెలు, బన్నులు. అది కొంత తగ్గినాక బిస్కట్లు. చివరకు మిగిలిన గోరువెచ్చదనంలో రాత్రంతా మెల్లగా ఆరే రస్కులు. నిన్న మిగిలిన రొట్టె నేడు రస్కు అవుతుంది. నేడు మిగిలిన వేడి కూడా వృథా కాదు. భట్టీ ముందు నిలిచే ఉస్తాదుకు ఉష్ణమాపకం లేదు. గుప్పెడు పిండి లోపల చల్లి, అది ఎంతసేపటికి రంగు మారునో చూచి వేడిని అంచనా కట్టే నేర్పు అతనిది. పొడవాటి కర్ర తెడ్డుతో రేకులను ఏ మూలకు ఎప్పుడు జరపాలో అతని చేతికి తెలుసు.

పిండి విషయంలోనూ ఇంతటి శాస్త్రం ఉన్నది. గోధుమపిండిని నీటితో పిసికినప్పుడు గ్లూటెన్ అనే మాంసకృత్తుల జాలం ఏర్పడుతుంది. ఖమీర్‌లోని సూక్ష్మజీవులు పిండిలోని చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును విడుస్తాయి. ఆ వాయువును గ్లూటెన్ వల పట్టి ఉంచుతుంది కనుకనే రొట్టె పొంగుతుంది. జొన్నలో ఈ జాలం లేదు. అందువల్ల అది పొంగదు. బిస్కట్‌కు పొంగు అక్కరలేదు, కరకరలాడే గుణమే కావాలి. ఈ చిన్న భేదాన్ని పాఠకులు గుర్తుంచుకొందురుగాక. దీని ప్రయోజనం ముందు తెలియగలదు.

మన ప్రాంతపు బేకరీ రుచులలో ఉస్మానియా బిస్కట్ అగ్రస్థానం పొందినది. 1911 నుంచి 1948 వరకు పాలించిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద అది వెలసింది. ఉస్మానియా ఆసుపత్రి రోగుల కోసం మొదట తయారైనదని జనశ్రుతి. తీపిలో కొంచెం ఉప్పు కలిసిన ఆ రుచి చాయ్‌కు తోడుగా పుట్టినట్లుంటుంది. హైదరాబాదులో ఆరంభమైన ఈ బిస్కట్ కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ బజారులలోనూ గాజు సీసాలలో దర్శనమిస్తుంది. హైదరాబాదు నాంపల్లిలోని సుభాన్ బేకరీ ఉస్మానియా బిస్కట్లతోపాటు మొహర్రం నాటి దమ్ కే రోట్‌కు ప్రసిద్ధి. క్రిస్మస్ వస్తే ప్లమ్ కేకు. డిసెంబరు 31న సాయంత్రం ప్రతి ఊరి బేకరీ ముందు షామియానా, బల్లలపై కేకుల బారు. అన్ని మతాల పండుగలనూ తన లెక్కల పుస్తకంలో వ్రాసుకొన్న వ్యాపారం ఇది ఒక్కటేనేమో!

కాలానుగుణంగా మారి నిలిచిన సంస్థకు మన రాష్ట్రంలో మంచి ఉదాహరణ కరాచీ బేకరీ. 1947 దేశ విభజనలో సింధు ప్రాంతం విడిచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నాని 1953లో హైదరాబాదులోని మొజంజాహీ మార్కెట్టు వద్ద దీనిని స్థాపించారు. నిజాం రెండవ కుమారుని పేరు మీద 1935లో వెలసిన ఆ మార్కెట్టు నగరానికి నడిబొడ్డు. పోగొట్టుకొన్న ఊరి పేరునే దుకాణానికి పెట్టుకొనడంలో ఒక శరణార్థి ఆవేదన, అభిమానం రెండూ కనిపిస్తాయి. చక్కెరపాకంలో ఉడికించిన బొప్పాయి ముక్కలు, అనగా టుటీఫ్రూటీ, వేసిన ఫ్రూట్ బిస్కట్ ఆ బేకరీకి కీర్తి తెచ్చింది. తరువాతి తరాలవారు శాఖలు విస్తరించారు. బిస్కట్లను అందమైన పెట్టెలలో అమర్చి విమానాశ్రయాలలోను, విదేశాలలోను అమ్మారు. నేడు హైదరాబాదు నుంచి బంధువుల ఇంటికి వెళ్లేవారి చేతిలో ఆ పెట్టె ఉండడం ఒక ఆచారమే అయింది.

అయితే అన్ని పరీక్షలూ వ్యాపారం నుంచే రావు. పుల్వామా దాడి అనంతరం 2019 ఫిబ్రవరిలో బెంగళూరు ఇందిరానగర్ శాఖ ముందు కొందరు గుమిగూడి పేరు మార్చవలసిందని పట్టుబట్టగా, నామఫలకం మీద ‘కరాచీ’ అన్న మాటను కప్పివేయవలసి వచ్చింది. 2025 మే నెలలో శంషాబాద్ శాఖ నామఫలకం మీద దాడి జరిగి పోలీసు కేసు నమోదైంది. తమది భారతీయ సంస్థ అనీ, ఆ పేరు విభజన నాటి స్మృతి అనీ యజమానులు పదేపదే చెప్పుకొనవలసి వచ్చింది. ఇల్లూ వాకిలీ పోగొట్టుకొని వచ్చిన వ్యక్తి తన స్మృతిని నిలుపుకొన్న పేరే అతని వారసులకు పరీక్ష అయింది. అయినను వారు పేరు మార్చుకొనలేదు. పెట్టె మారింది, శాఖలు పెరిగాయి, పేరు మాత్రం నిలిచింది. మార్పునకు హద్దు ఎక్కడ అన్న ప్రశ్నకు ఇదొక సమాధానం.

చిన్న పట్టణాల బేకరీలకు ఎదురైన సవాళ్లు వేరు. 1898లో బెంగళూరు చిక్‌పేటలో హాసన్ ప్రాంతపు అయ్యంగార్లు ఆరంభించిన బేకరీ సంప్రదాయం నేడు తెలుగునాట ఊరూరా అదే పేరుతో బోర్డులై వెలసింది. గ్రుడ్డు లేని కేకు కోరేవారికి అది సౌకర్యం. రొట్టె తయారీని ప్రభుత్వం చాలాకాలం చిన్న పరిశ్రమలకే ప్రత్యేకించింది. 2015లో ఆ రక్షణ తొలగింది. 2017 జూలైలో వచ్చిన వస్తుసేవల పన్నులో రొట్టెకు మినహాయింపు లభించినా, బిస్కట్లకు, కేకులకు 18 శాతం పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతానికి తగ్గింది. ఒకే భట్టీలో కాలిన మూడు వస్తువులకు వేర్వేరు పన్నులు ఉంటే లెక్కలు వ్రాయడం ఎంత కష్టమో వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు విదితమే.

ఆరోగ్యరీత్యా వచ్చిన నిబంధనలు మరొక మార్పు. రొట్టె బాగా పొంగడానికి పిండిలో కలిపే పొటాషియం బ్రోమేట్‌ను 2016లో నిషేధించారు. వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వులు గుండెకు హానికరం గనుక వాటిని 2022 జనవరి నుంచి 2 శాతానికి మించరాదని శాసించారు. తరతరాలుగా వనస్పతితో చేసిన బిస్కట్ కొలతను మార్చుకొనవలసి వచ్చిన ఉస్తాదు కష్టం తక్కువది కాదు. కాని తినేవాని ఆరోగ్యం కన్న పాత కొలత గొప్పది కాదు. కట్టెల భట్టీ స్థానంలో డీజిల్‌తో, విద్యుత్తుతో నడిచే ఓవెన్లు వచ్చాయి. పొగ తగ్గింది, కార్మికుని కళ్లకు, ఊపిరితిత్తులకు ఊరట కలిగింది. వేడిని మీట త్రిప్పి నిర్ణయించవచ్చు. రొట్టె వెనుకనే బిస్కట్, బిస్కట్ వెనుకనే రస్కు అన్న వరుసతో పనిలేదు. ఆ వరుసతోపాటు ఉస్తాదు చేతి విద్యకు అవసరం తీరిపోతున్నదన్నదే విచారించదగిన విషయం. అతని కుమారుడు చదువుకొని వేరు ఉద్యోగానికి పోతే తప్పుపట్టలేము. తెల్లవారుజామున రెండు గంటలకు లేచే పని అది. కాని కాగితం మీద ఎక్కడా లేని ఆ కొలతలు, ఆ ఒడుపులు అతనితోనే ముగిసిపోతే నష్టం ఊరంతటిది.

అయితే ఆశకు తావు లేకపోలేదు. జొన్న పొంగదని పైన చెప్పుకొన్నాము. అదే జొన్న బిస్కట్‌కు ఎంతో అనుకూలం. 2023 సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరంగా జరిపింది. చక్కెర వ్యాధితో మైదాకు దూరమవుతున్న పట్టణవాసికి జొన్న, రాగి బిస్కట్లు అందించగలిగితే ఆదిలాబాద్ నల్లరేగడి పంటకు మన బేకరీయే అంగడి అవుతుంది. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి విక్రయిస్తున్నది. అడవి పువ్వు లడ్డూ కాగలిగినప్పుడు చేను పండించిన జొన్న బిస్కట్ కాలేదా?

ఈ సమస్త పరిణామం నుంచి గ్రహించవలసిన సారం ఒక్కటే. పొయ్యి, పెట్టె, కొవ్వు, పన్ను లెక్క, ఇవన్నీ మారక తప్పనివి. వాటిని పట్టుకొని వ్రేలాడిన దుకాణం మూతపడుతుంది. వేళకు తాజా సరుకు, మాయలేని తూకం, గడప ఎక్కినవాడు ఎవడైనను ఒకే ఆదరణ, ఇవి మారరానివి. వాటిని విడిచిన దుకాణానికి అద్దాల మెరుగులు ఎన్ని ఉన్నా ప్రయోజనం లేదు.

విద్యార్థి మిత్రులారా! మన ఊరి బేకరీలో పనిచేసే పెద్దల వద్దకు ఒకసారి పోయి, వారి అనుమతితో, వారి కొలతలను, పనివరుసను ఉర్దూలోనో తెలుగులోనో వ్రాసి ఉంచండి. వాణిజ్యశాస్త్రం చదివేవారు వారి పన్ను లెక్కలకు చేయూతనివ్వండి. రసాయనశాస్త్రం చదివేవారు జొన్న బిస్కట్ మీద ప్రయోగం చేయండి. కళాశాల కార్యవర్గం పెద్దలు ఇట్టి వ్రాతలను గ్రంథాలయంలో భద్రపరచి, సెలవులలో బేకరీ పనిలో స్వల్పకాలిక శిక్షణకు ఏర్పాటు చేయగలిగితే ఎందరో బీద విద్యార్థులకు జీవనోపాధి మార్గం ఏర్పడుతుంది. భట్టీలో నిప్పు ఆరినను ఇటుకలలో వేడి చాలసేపు నిలుస్తుంది. అది చల్లారకముందే పని ముగించుకొనడమే నేర్పరి లక్షణం.