గేరులేని బండ్లు

మన వీధులలో తిరుగు స్కూటర్లను ‘గేరులేని బండ్లు’ అని యెల్లరును పిలుతురు. ఈ పేరు సరియైనది కాదు. వానియందు గేర్లు లెక్కింప నలవికానన్ని కలవనుటయే న్యాయము.

యంత్రము చెంత నొకటి, వెనుక చక్రము చెంత నొకటి, రెండు కప్పీలుండును. ఒక్కొక్క కప్పీ యెదురెదురుగా నిలిపిన రెండు ఏటవాలు పళ్లెములు. అవి దగ్గరైనచో నడుమనున్న బెల్టు అంచునకు ఎగబ్రాకును. ఎడమైనచో లోనికి దిగును. యంత్రవేగము హెచ్చినకొలది ముందటి కప్పీలోని చిన్న రోలర్లు వెలుపలకు దొరలి పళ్లెమును నెట్టును. అంతట ముందు బెల్టుచుట్టు పెద్దదియు, వెనుక చిన్నదియు నగును. సైకిలు త్రొక్కు బాలురకు పండ్లచక్రముల పెద్దచిన్నల భేదము తెలిసినదే. ఇచట నా మార్పు మెట్లవలె గాక వాలుబాటవలె జరుగును.

1958 లో హాలెండునందు హబ్ వాన్ డోర్న్ గారి డాఫ్ కంపెనీ రబ్బరు బెల్టులతో నిట్టి కారును వెలువరించెను. అది ముందునకు పోగల వేగముతోనే వెనుకకును పోగలిగెడిది! అట్లు తోలుట మాత్రము మెచ్చదగినది గాదు.

నేటి కార్లలో నుక్కు బెల్టు వచ్చినది. వీనిని క్రొత్తగా తోలువారు గట్టిగా త్రొక్కినపుడు మోత ముందు లేచి, వేగము వెనుకనుండి వచ్చును. బెల్టు జారుచున్నదని కొందరు భయపడుదురు. యంత్రము బలముగా పనిచేయు వేగమునకు ముందే చేరి యచటనే నిలుచును; కప్పీలు మెల్లగా మారుచు బండిని దానికి అందించును. మోతకును వేగమునకును పొత్తు కుదరకుండుట దీని స్వభావమే. రద్దీలో కుదుపు లేకుండుట దీని సుగుణము.

అసలు జాగ్రత్త వలసినది దిగుడునందు. అరకు ఘాటు రోడ్డువంటిచోట స్కూటరుపై దిగువారు దీని నెరుగవలెను. యాక్సిలరేటరు మూసి వేగము మిక్కిలి తగ్గినపుడు క్లచ్ తనంతట విడిపోవును. పిమ్మట యంత్రము చక్రమును పట్టి యుంచదు, భారమంతయు బ్రేకులదే. ఎడతెగక నొక్కినచో నవి వేడెక్కి పట్టు తగ్గును. కావున కొంచెము యాక్సిలరేటరిచ్చి క్లచ్ పట్టిన పిదప మూయవలెను. రెండు బ్రేకులను విడిచి విడిచి వేయవలెను. యంత్రము నెన్నడు నాపరాదు. కారులోనైనచో, ‘ఎల్’ అను స్థానము కలదేని, మీట నందుంచిన యంత్రమే బండిని వెనుకకు లాగును. కాలిన వాసన వచ్చినచో రోడ్డు ప్రక్కన నిలిపి, బ్రేకులు చల్లారు వరకు కదలరాదు.