చూరు కాలువకు జాలీ వేస్తే శుభ్రం చేసే పని తప్పుతుందా?

తెలుగు రాష్ట్రాల్లోకి నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్‌లో వస్తాయి. వేప, రావి, గానుగ వంటి చెట్లు పాత ఆకు రాల్చేది అంతకు ముందే, చలికాలం చివరి నుంచి వేసవి దాకా. అంటే తొలి పెద్ద వాన పడే వేళకు డాబా మీద, చూరు కాలువలో కొన్ని నెలల ఆకులు, దుమ్ము, కాకులు తెచ్చి పడేసిన పుల్లలు పోగుపడి ఉంటాయి. ఆ వాన వాటన్నిటినీ ఒకే చోటికి తోస్తుంది. అది నీరు కిందికి దిగే తూము.

దీనికి విరుగుడుగా అమ్ముతున్నవే గట్టర్ గార్డులు. వాలు కప్పు అంచున నీటిని పట్టే కాలువ మీద పరిచే జాలీలు, మూతలు, బ్రష్షులు ఇవి. డాబా తూము మీద పెట్టే చిన్న జాలీ కూడా ఈ కుటుంబంలోదే. "ఒకసారి బిగిస్తే ఇక నిచ్చెన ఎక్కే పని లేదు" అన్నది వీటి ప్రచారం. అది ఎంతవరకు నిజం? ఏ ఇంటికి ఇవి పనికొస్తాయి? హైస్కూలు భౌతికశాస్త్రంతోనే దీనికి చాలావరకు సమాధానం చెప్పవచ్చు.

తూము మూసుకుంటే ఏమవుతుంది?

ముందు ఒక చిన్న లెక్క. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. 100 చదరపు మీటర్ల డాబా మీద గంటకు 100 మిల్లీమీటర్ల చొప్పున వాన పడితే గంటలో 10,000 లీటర్లు చేరతాయి. సెకనుకు దాదాపు 2.8 లీటర్లన్నమాట. ఇది మరీ అరుదైన సంగతేమీ కాదు. గంటంతా కాకపోయినా పది, పదిహేను నిమిషాలపాటు ఈ జోరుతో కురిసే వానలు మనకు తెలిసినవే. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాద్ శివారు ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన నమోదైంది.

ఈ నీరంతా నాలుగు అంగుళాల తూము ఒక్కదానిలోంచే దిగాలనుకుందాం. తూము శుభ్రంగా ఉంటే దాని చుట్టూ సుమారు మూడు సెంటీమీటర్ల లోతు నీరు నిలిస్తే చాలు, పడినదంతా దిగిపోతుంది. ఇప్పుడు ఆకులు సగం రంధ్రాన్ని కప్పాయనుకుందాం. అదే నీరు దిగాలంటే ఏడు సెంటీమీటర్ల లోతు కావాలి. ముప్పాతిక భాగం మూసుకుంటే దాదాపు 29 సెంటీమీటర్లు!

రంధ్రం సగమై మళ్ళీ సగమైతే లోతు నాలుగు రెట్లు ఎందుకు పెరిగింది? రంధ్రంలోంచి నీరు దిగే వేగం, పైన ఉన్న నీటి లోతుకు వర్గమూలం చొప్పున మాత్రమే పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే లోతు నాలుగింతలు కావాలి. ఇటలీ శాస్త్రవేత్త టారిచెల్లి 17వ శతాబ్దంలో చెప్పిన సూత్రమిది. అందుకే తూము "కొంచెం" మూసుకున్నప్పుడు మనకేమీ తెలియదు. మరికొంచెం మూసుకున్నప్పుడు డాబా ఒక్కసారిగా చెరువవుతుంది.

29 సెంటీమీటర్లు నిండాలంటే ఆ జోరు వాన మూడు గంటలకు పైగా పడాలి. కానీ పది సెంటీమీటర్లకు గంట, గంటన్నర చాలు. అప్పటికి ప్రతి చదరపు మీటరు మీదా 100 కిలోలు, మొత్తం డాబా మీద 10 టన్నుల నీరు ఉంటుంది. మనుషులు తిరిగే డాబా కప్పులకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువు వస్తుందన్న అంచనాతో డిజైన్ చేయాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. సరిగా కట్టిన స్లాబు దీనికి కూలిపోదు. కానీ నీరు మెట్ల గది గడప దాటి ఇంట్లోకి దిగుతుంది, సన్నని పగుళ్ళలోకి చేరి లోపలి ఇనుప కడ్డీలకు తుప్పు పట్టిస్తుంది. పాతబడిన స్లాబులకు మాత్రం ఈ బరువే ప్రమాదం కావచ్చు.

నాలుగు రకాల గార్డులు

గార్డులన్నీ చేసే పని ఒక్కటే: నీటిని పోనిచ్చి ఆకును ఆపడం. తేడా అంతా ఎలా ఆపుతాయన్నదానిలోనే.

మొదటిది మామూలు జాలీ. పెద్ద రంధ్రాల లోహపు లేదా ప్లాస్టిక్ వల. మామిడి, రావి, బాదం వంటి వెడల్పాటి ఆకుల్ని బాగా ఆపుతుంది. నిద్రగన్నేరు, తురాయి, చింత చెట్ల చిట్టి ఆకులు మాత్రం సులువుగా జారిపోతాయి. కోస్తాలో తోటలుగా పెంచే సరుగుడు దీనికి మరీ కష్టం. దాని సూదుల్లాంటి పుల్లలు కొన్ని రంధ్రాల్లోంచి దిగుతాయి, కొన్ని మధ్యలో ఇరుక్కుని చాపలా అల్లుకుంటాయి.

రెండోది సన్న జాలీ. రంధ్రాలు మిల్లీమీటరులోపు ఉంటాయి. చిట్టి ఆకులూ పుల్లలూ దీని మీద ఆగిపోతాయి. ఇక్కడ తలతన్యత అడ్డొస్తుంది. గొడుగు గుడ్డకు దారాల మధ్య సందులున్నా వాన లోపలికి కారదు. సందు చిన్నదైతే నీటి ఉపరితలం సాగదీసిన పొరలా నిలిచి దాన్ని మూసేస్తుంది. కొత్త సన్న జాలీ మీద కూడా తొలి చినుకులు ఇలాగే దొర్లిపోవచ్చు. తీగలు తడిశాక నీరు దిగడం మొదలవుతుంది. మన దుమ్ము, వాహనాల పొగ మసి, పూల పుప్పొడి కలిసి జిగురు పొరలా పడితే మాత్రం జాలీ మళ్ళీ మొరాయిస్తుంది. ఆకు ఊడ్చినంత సులువుగా ఈ పొర పోదు. బ్రష్‌తో రుద్దాలి.

మూడోది వంపు మూత. కాలువను పూర్తిగా కప్పి, అంచున గుండ్రంగా లోపలికి తిరుగుతుంది. నీరు ఆ వంపును అంటిపెట్టుకుని పాకి సన్నని సందులోంచి కాలువలోకి దిగుతుంది, ఆకు నేరుగా కిందికి జారిపడుతుంది. దీని వెనకున్న సూత్రం మన వంటింట్లోనే ఉంది. టీ గిన్నెను మెల్లగా వంచి పోస్తే టీ గ్లాసులో పడకుండా గిన్నె అడుగుకు పాకుతుంది. గట్టిగా వంచితే ధార దూరంగా పడుతుంది. దీన్ని "టీపాట్ ప్రభావం" అంటారు. అమెరికా గణితవేత్త జోసెఫ్ కెల్లర్ 1957లో దీనికి గణిత వివరణ ఇచ్చారు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 1999లో ఆయనకు, మరో శాస్త్రవేత్తతో కలిపి, ఈ పనికే దక్కింది. గార్డు విషయంలో చిక్కు కూడా అక్కడే ఉంది. సన్న వానకు నీరు వంపు వెంట పాకుతుంది. కుండపోతలో నీటి వేగం పెరిగి వంపును వదిలి ఎగిరి కింద పడుతుంది. అంటే మనకు కాలువ బాగా అవసరమైన వేళే నీరు కాలువను తప్పిస్తుంది. ఏడాది పొడవునా సన్నగా వాన పడే దేశాల్లో బాగా పనిచేసే మూత మన రుతుపవనాలకు సరిపోతుందన్న నమ్మకం లేదు.

నాలుగోది కాలువలో నింపే స్పాంజి లేదా పొడవాటి బ్రష్. బిగించడం సులువు. కానీ ఆకుల తునకలు దానిలోనే చిక్కుకుని కుళ్ళుతాయి. ఒక వాన తర్వాత అక్కడే రావి మొక్క మొలిచినా ఆశ్చర్యం లేదు.

ఆకు మాయం కాదు

ఈ నాలుగింటిలో ఏదీ ఆకును మాయం చేయదు. అది ఆగే చోటును మారుస్తుంది, అంతే. కాలువలో ఆగాల్సింది జాలీ మీద ఆగుతుంది, లేదా ముంగిట్లో పడుతుంది. కాబట్టి కొనే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఆకు కొత్తగా ఆగే చోటు మనకు కనిపిస్తుందా, చేతికి అందుతుందా?

వాలు ఎక్కువగా ఉన్న కప్పు మీద జాలీని కూడా అదే వాలులో బిగిస్తే ఎండిన ఆకును గాలే ఎత్తుకుపోతుంది. కేరళ, కోస్తా కర్ణాటకల్లోని పెంకుటిళ్ళకు, మన దగ్గర వాలు కప్పులతో కడుతున్న విల్లాలకు ఇది కుదురుతుంది. జాలీని సమతలంగా పరిస్తే ఆకు దాని మీదే తడిసి అతుక్కుంటుంది. అప్పుడు వాన నీరు జాలీ మీదుగా దొర్లి గోడ మీదికి కారుతుంది.

డాబా తూముకూ ఇదే వర్తిస్తుంది. తూము మీద బల్లపరుపు జాలీ ఉంటే రెండు బాదం ఆకులు చాలు దాన్ని మూసేయడానికి. బోర్లించిన గిన్నె ఆకారంలో ఉండే డోమ్ జాలీకైతే చుట్టూ పక్క రంధ్రాలుంటాయి. అడుగున ఆకు చేరినా పైన దారి మిగిలే ఉంటుంది. చవకైన ఈ మార్పు చాలా ఇళ్ళకు ఖరీదైన గార్డుకంటే ఎక్కువ మేలు చేస్తుంది. దీనికి తోడు పిట్టగోడలో, డాబా మట్టానికి ఐదారు సెంటీమీటర్ల ఎత్తున, మెట్ల గది గడపకంటే కిందుగా ఒక పొర్లు గొట్టం పెట్టించుకోవాలి. తూము మూసుకున్నా నీరు దానిలోంచి బయటికి దూకుతుంది. ఆ ధార కనబడిందంటే తూము శుభ్రం చేయాలని ఇల్లే మనకు చెబుతున్నట్టు లెక్క.

కనిపించని నీటిలో దోమ

మూసుకుపోయిన చూరు కాలువతో మరో ప్రమాదం ఉంది. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమకు చెరువు అక్కర్లేదు, గుప్పెడు నిల్వ నీరు చాలు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో జరిగిన పరిశోధనల్లో ఇళ్ళ చూరు కాలువలు ఈ దోమ పెరిగే ముఖ్యమైన చోట్లలో ఒకటని తేలింది. నేల మీది కుండలు, టైర్లు వెతికేవారికి పైనున్న కాలువ కనిపించదు.

గుడ్డు నుంచి దోమ తయారవడానికి మన వాతావరణంలో వారం నుంచి పది రోజులు పడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో శుక్రవారం "డ్రై డే" పాటించమనడంలోని తర్కం ఇదే. వారానికోసారి నీరు పారబోస్తే ఆ చక్రం తెగుతుంది. పైగా ఏడిస్ గుడ్లు ఎండిన చోట కూడా నెలల తరబడి బతికి, తిరిగి తడి తగలగానే పిల్లలవుతాయి.

పెద్ద రంధ్రాల జాలీ దోమను ఆపదు. కింద కాలువ వాలు సరిగా లేక నీరు నిలిచి ఉంటే జాలీ దాన్ని మన కంటి నుంచి దాచిపెడుతుంది. కాబట్టి గార్డు బిగించే ముందే కాలువలో ఒక బకెట్టు నీళ్ళు పోసి, అవి చివరిదాకా పారుతున్నాయో లేదో చూడాలి. వాలు సరిచేయని కాలువకు గార్డు వేయడం కన్నా వేయకపోవడమే మంచిది.

ఇంకుడు గుంత ఉంటే

వాన నీటిని ట్యాంకులోకో ఇంకుడు గుంతలోకో మళ్ళించే ఇళ్ళలో జాలీ తప్పనిసరి. 100 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 80 సెంటీమీటర్ల వాన పడితే 80,000 లీటర్లు. ఆవిరి, చిందడం వంటివి పోను ఐదింట నాలుగు వంతులు పట్టగలిగినా 64,000 లీటర్లు చేతికొస్తాయి. ఆకులు, మట్టి నేరుగా గుంతలోకి వెళ్తే అందులోని ఇసుక, కంకర పొరలు పూడుకుపోయి నీరు ఇంకడం మానేస్తుంది. గుంత తవ్వి పొరలు మార్చడంకంటే జాలీ దులపడం ఎంతో తేలిక.

ఇక్కడా జాలీ ఒక్కటే సరిపోదు. పక్షుల రెట్టలు, సన్న దుమ్ము నీటితోపాటే దిగుతాయి. అందుకే మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల వానను, అంటే ఈ డాబాకు 100 నుంచి 200 లీటర్లను, విడిగా బయటికి వదిలేసే ఏర్పాటు ఉండాలి.

ఖర్చు లెక్క ఇలా

గార్డు ధరను, అది ఏటా మిగిల్చే ఖర్చుతో భాగించండి. ఉదాహరణకు గార్డుకు 20,000 రూపాయలు అయిందనుకుందాం. ఏడాదికి మూడుసార్లు కాలువ శుభ్రం చేయించడానికి 1,000 చొప్పున 3,000 అవుతోందనుకుందాం. గార్డు వేశాక కూడా ఒకసారి దులపక తప్పదు కాబట్టి మిగిలేది 2,000. పెట్టుబడి తిరిగి రావడానికి పదేళ్ళు. ఎండకు ప్లాస్టిక్ జాలీ అంతకాలం నిలవకపోవచ్చు. మీ ఇంటి అంకెలు పెట్టి చూడండి. చెట్టు లేని ఇంటికి ఈ లెక్క ఎప్పటికీ కుదరదు.

కానీ రూపాయల్లో తేలనిది ఒకటుంది, అది నిచ్చెన. రెండంతస్తుల ఎత్తున వాలు కప్పు అంచుకు ఎక్కాల్సి వస్తే, ఇంట్లో ఆ పని చేసేది పెద్దవయసు వారే అయితే, మూడుసార్లు ఎక్కడాన్ని ఒకసారికి తగ్గించడమే గార్డుకు తగిన కారణం. ఎక్కక తప్పనప్పుడు నిచ్చెన ఆనే ఎత్తు నాలుగు మీటర్లయితే దాని అడుగు గోడకు ఒక మీటరు దూరాన ఉండాలి. కింద ఒకరు పట్టుకుని నిలబడాలి.

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువారికి ఇంకో కోణం కూడా ఉంది. కార్చిచ్చు ముప్పున్న ప్రాంతాల్లో కొత్తగా కట్టే ఇళ్ళ చూరు కాలువల్లో ఆకు పేరుకోకుండా ఏర్పాటు ఉండాలని కాలిఫోర్నియా భవన నిబంధనలు కోరుతున్నాయి. ఎగిరివచ్చిన నిప్పురవ్వకు ఎండుటాకుల కాలువ వత్తిలా పనిచేస్తుంది. అలాంటి చోట ప్లాస్టిక్ కాకుండా లోహపు జాలీయే వాడాలి.

మన డాబా ఇళ్ళకు మాత్రం వరస ఇది: ముందు వాలు, తర్వాత డోమ్ జాలీ, ఆపైన పొర్లు గొట్టం. మే చివర్లో ఒకసారి, జూన్‌లో తొలి పెద్ద వాన పడిన మర్నాడు ఒకసారి డాబా ఎక్కి తూము చుట్టూ ఊడ్చండి. ఏడాదిలో ఆ రెండు ఉదయాలు చేసే మేలు ఏ గార్డూ చేయలేదు.