వేగపు కారు, అందులోనూ పాతది

ఈ మధ్య మన సంఘం వారి పెళ్ళి పందిళ్ళలో మగవారు నలుగురు చేరితే వినిపించే మాటలు కొంచెం మారినవి. వెనుక పత్తి ధర, నూలు ధర, బావిలో నీరు ఎన్ని అడుగులున్నది అన్నవే మాటలు. ఇప్పుడు వాటి నడుమ, "ఫలానావారి చిన్నవాడు పోర్షే కారు కొన్నాడట. పాతదేనట గాని సగం ధరకు వచ్చిందట" అన్న మాట కూడా చెవిని పడుతున్నది. కోయంబత్తూరులో ఇది ఎక్కువ, మధురలో కొంత తక్కువ, అంతే భేదం.

మేము ఆ "సగం ధర" దగ్గర ఆగినాము. కోటి రూపాయలు దాటిన వస్తువుకు సగం ధర అంటే అరకోటి. దానితో ఒక ఇల్లు కట్టవచ్చు, ఒక చిన్న ఫౌండ్రీ పెట్టవచ్చు. చాలా ఇళ్ళలో ఈ సొమ్ము కుర్రవాని ఒక్కని సంపాదన కాదు. తండ్రి పేర ఉన్న స్థలం బ్యాంకులో పెట్టి, తల్లి చేత జామీను సంతకం చేయించి తెచ్చినది. రెండు సవర్ల నగ కొనడానికి మూడు అంగళ్ళు తిరిగే మన ఆడవారు ఈ సంతకం మాత్రం కొడుకు ముఖం చూచి చేసివేస్తారు. అందుచేత ఈ నెల ఈ విషయం వ్రాయ తలపెట్టినాము. కొనవద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. చెప్పినా వినేవారెవరు? కొనేవారు చూచి కొనవలెనని మాత్రమే మా కోరిక.

మోటారు పిచ్చి మనవారికి కొత్తది కాదు. జి. డి. నాయుడుగారి పేరు మన పిల్లలందరికీ తెలుసు గాని, ఆయన కథను పాత బండి కొన్న కథగా ఎవరూ చెప్పుకోరు. 1893లో కలంగల్ గ్రామంలో పుట్టిన ఆ పెద్దమనిషి, ఇరవై ఏండ్ల ప్రాయంలో ఒక తెల్లదొర నడిపే రడ్జ్ మోటారు సైకిలు చూచి మోజుపడినారట. కోయంబత్తూరు వచ్చి హోటలులో వడ్డన పని చేసి, మూడేండ్లు కూడబెట్టి, ఆ బండినే 300 రూపాయలకు కొన్నారని చెప్పుతారు. ఆ రోజులకు అదే వేగపు బండి. కొన్న తరువాత ఆయనను అందరూ తలచుకొనేది ఊరిలో తిరిగినందుకు కాదు, దానిని తునకతునకగా విప్పి మళ్ళీ బిగించినందుకు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి నడిపిన బస్సు, తరువాత వందల సంఖ్యకు పెరిగిన యు. ఎం. ఎస్. బస్సులు, ఇవన్నీ ఆ విప్పడంలో నుంచి వచ్చినవేనని మాకు తోస్తుంది. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద తెరచిన పది కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరే పెట్టినారు. మన కుర్రవాళ్ళు కొత్త బండిని తీసుకొనిపోయి వేగం చూడవలెనని ఉబలాటపడేదీ ఆ వంతెన మీదనే. ఆయన ఉంటే ఏమనేవారో!

పందెపు కార్లలోనూ మన ఊరు వెనుకబడలేదు. కరివర్ధన్ 1988లో మారుతి 800 ఇంజను పెట్టి చిన్న పందెపు కారును రూపొందించినందువల్లనే మధ్యతరగతి పిల్లలకు కూడా ఆ పందెములు అందుబాటులోకి వచ్చినవి. ఆయన 1995లో విమాన ప్రమాదంలో పోయినారు. చెట్టిపాళయంలో 2003లో తెరచిన పందెపు బాటకు ఆయన పేరే ఉన్నది. ఆ చిన్న కార్లతో మొదలుపెట్టిన కోయంబత్తూరు యువకుడు నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న మొదటి భారతీయుడైనాడు. కాబట్టి పిల్లలకు మోజు కలగడంలో వింత లేదు. మోజుతో పాటు పరీక్ష కూడా రావలెను గదా!

మన తాతలకు ఆ పరీక్ష వచ్చును. అంతియూరు సంతలో గుర్రాన్ని గాని, కాంగేయం ఎద్దును గాని కొనేవారు పళ్ళు లెక్కపెట్టేవారు, సుడులు చూచేవారు, మెత్తని నేల మీదా గట్టి నేల మీదా నడిపించేవారు. తువాలు క్రింద వ్రేళ్ళు పట్టుకొని ధర తేల్చుకొనే ముందు, అమ్మేవాడు ఎందుకు అమ్ముతున్నాడని పక్క ఊరిలో విచారించేవారు. కారుకు కూడా మొదటి ప్రశ్న అదే. ఎన్ని చేతులు మారింది? ప్రతి చేతిలో ఎన్నాళ్ళున్నది? ఇద్దరు యజమానులు ఆరేసి నెలలకు వదిలిన బండిలో ఏదో ఉన్నదని అనుకోవలసినదే.

కాగితాల మాట త్వరగా చెప్పి ముందుకు పోతాము. ఆర్. సి. పుస్తకంలోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్న అంకెలతో కలియవలెను. బ్యాంకు అప్పు ఉన్నదేమో, జరిమానాలు కట్టవలసినవి ఉన్నవేమో ప్రభుత్వం వారి పరివాహన్ దస్తరంలో చేతిఫోనులోనే చూడవచ్చు. అప్పు తీరితే బ్యాంకు ఇచ్చే 35వ నంబరు ఫారం అడగవలెను. పొరుగు రాష్ట్రపు బండి అయితే అక్కడి ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం తేవలెను. మన రాష్ట్రంలో జీవితకాలపు పన్ను మళ్ళీ కట్టవలెను. పుదుచ్చేరి నంబరు బండి చవకగా ఉన్నదని మురిసిపోయేవారు ఈ పన్నును లెక్కలో వేసుకోరు. అక్కడ పన్ను తక్కువ గనుక, దొంగ చిరునామాలతో అక్కడ రిజిస్టరు చేయించిన ఖరీదైన కార్ల వ్యవహారం 2017లో కేరళలో పెద్ద రచ్చ అయినది. అట్టి బండి మీ చేతికి వస్తే ఆ చిక్కు కూడా మీదే.

ఇక అసలు భయం నీరు. 2015 డిసెంబరులో చెన్నపట్నం మునిగినప్పుడు, 2023 డిసెంబరులో తుపానుకు మళ్ళీ మునిగినప్పుడు, నేలమాళిగలలో నిలిపిన కార్లు ఎన్నో నీటిపాలైనవి. భీమా కంపెనీలు పూర్తి నష్టం క్రింద సొమ్ము చెల్లించి అట్టి బండ్లను వేలం వేస్తాయి. వాటిని కొన్నవారు కడిగి, ఆరబెట్టి, లోపలి బట్ట మార్చి, అత్తరు చల్లి దూరపు ఊళ్ళలో అమ్ముతారు. మామూలు కారుకే ఇది చెరుపు. వేగపు కారులో సీట్ల క్రింద, తివాచీ క్రింద విద్యుత్ పెట్టెలు అనేకం ఉంటవి. నీరు తగిలినవి ఆ రోజు పని చేసినా, ఆరు నెలలకో సంవత్సరానికో తీగలు పచ్చబారి ఒక్కొక్కటే పోతవి.

మూడేండ్ల క్రిందట పీళమేడులో మా బంధువుల అబ్బాయి ఒకడు చెన్నపట్నంలో ఒక అంగడిలో జర్మనీ దేశపు రెండు తలుపుల కారు చూచి, రెండు లక్షలు బయానా ఇచ్చి వచ్చినాడు. వాని తండ్రి మమ్ములను కూడా రమ్మన్నాడు. మధురలో బస్సుల వర్క్‌షాపులలో నలభై ఏండ్లు పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక మేస్త్రిగారిని వెంట తీసుకొనిపోయినాము. ఆయనా తెలుగువారే. ఇట్టి కారును ఆయన జన్మలో విప్పలేదు. అబ్బాయికి ఆయన మీద నమ్మకమూ లేదు. ఆయన ఇంజను మూత తెరవకముందే లోపల కూర్చుండి, "తంబీ, ఈ బెల్టు పట్టీ చివరిదాకా లాగు" అన్నారు. అబ్బాయి లాగినాడు. మూరెడు నలుపు, తరువాత ఒక మట్టిగీత, ఆ క్రింద రంగు వెలిసిన పట్టీ. "ఇంతవరకు నీరు వచ్చింది, తంబీ" అన్నారు మేస్త్రిగారు. సీటు పట్టాల క్రింద త్రుప్పు, వెనుక పెట్టెలో అట్ట తీస్తే మెత్తని ఒండ్రు. "ఇంకేమి చూడవలె తాతా?" అని అబ్బాయి అడిగితే, "చూడనక్కరలేదు, భోజనానికి పోదాము" అన్నారు. బయానాలో ఒక లక్ష తిరిగి వచ్చింది; రెండవ లక్ష రాలేదు. ఆ అబ్బాయి తల్లి ఆ మేస్త్రిగారికి దీపావళికి బట్టలు పంపడం ఇంకా మానలేదు.

నీరు లేదని తేలిన తరువాత దెబ్బలు చూడవలెను. తలుపుల సందులు రెండు వైపులా ఒకే వెడల్పున ఉన్నవా? రంగు మందం కొలిచే చిన్న యంత్రం ఒకటి ఉన్నది. కంపెనీ రంగు సామాన్యంగా 100 నుంచి 150 మైక్రానుల వరకు ఉంటుంది. ఒక రేకు మీద మాత్రం మూడు నాలుగు వందలు చూపితే క్రింద పుట్టీ ఉన్నదన్నమాట. అల్యూమినియం మీద కొలిచే యంత్రం వేరు రకం; ఈ కార్లలో ఆ లోహం ఎక్కువ గనుక అది తెలిసి తీసుకొనిపోవలెను. బండిని పైకెత్తి అడుగుభాగం చూడనిదే బేరం ఆడవద్దు. నేలకు నాలుగు వ్రేళ్ళ ఎత్తున ఉండే బండి మన వీధులలోని మిట్టల మీద ఎన్నిసార్లు పొట్ట గీచుకొన్నదో అక్కడ వ్రాసి ఉంటుంది.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడవలెను. "పదిగంటలకు వస్తాము" అని చెప్పి తొమ్మిదికే పోవడం మంచిదని మా అభిప్రాయం. పోగానే మూత మీద చేయి వేసి చూడండి. వెచ్చగా ఉంటే ముందే త్రిప్పి ఉంచినారని అర్థం. తొలి త్రిప్పులో కొంచెం తెల్ల ఆవిరి సహజం. వేడెక్కినాక కూడా తెల్లపొగ తీపివాసనతో ఆగకపోతే చల్లార్చే నీరు లోపలికి పోతున్నది. నీలిపొగ అయితే నూనె కాలుతున్నది. నల్లపొగ పెట్రోలు ఎక్కువ కావడం. అది అంత ప్రాణాపాయం కాదు. చివరిసారి మార్చిన నూనె వడపోత దొరికితే కోసి చూడవలెను. అందులో లోహపు రజను మెరిస్తే అక్కడే నమస్కారం పెట్టి రావలెను.

ఒక్కొక్క బండికి ఒక్కొక్క పుట్టువ్యాధి ఉంటుంది. 1990ల చివర నుంచి 2008 వరకు వచ్చిన పోర్షే 911, బాక్స్‌స్టర్ కార్లు చాలావాటిలో ఇంజను లోపలి మధ్య ఇరుసుకు వేసిన బేరింగు బలహీనం. అది విరిగితే ఇంజను మొత్తం పోతుంది. 2007 నుంచి 2013 వరకు వచ్చిన ఎనిమిది సిలిండర్ల బి. ఎం. డబ్ల్యు. ఎం 3కి కనెక్టింగు రాడ్డు బేరింగులు ముందుగా అరుగుతవి. కొనబోయే బండికి పేరుపడిన జబ్బు ఏదో, దానికి చికిత్స జరిగినదో లేదో, రసీదు చూచి తెలుసుకోవలెను. నోటిమాట చాలదు.

ఈ కార్ల విద్యుత్ మెదడు చాలా జ్ఞాపకం ఉంచుకొంటుంది. పరీక్ష యంత్రం తగిలించి చూస్తే లోపాలు కనబడుతవి. ఏ లోపమూ కనబడక, లోపలి స్వయంపరీక్షలు మాత్రం "పూర్తికాలేదు" అని చూపితే, మీరు రాకముందే ఎవరో లోపాలను చెరిపివేసినారని అనుమానించవలెను. చేతితో గేరు వేసే పోర్షే కార్లలో ఇంజనును హద్దు మీరి ఎన్నిసార్లు త్రిప్పినది కూడా వ్రాసి ఉంటుంది. అమ్మేవాడు "మా నాన్నగారు మాత్రమే మెల్లగా నడిపేవారు" అన్నా, పెట్టె వేరే చెప్పవచ్చును!

టైరు పక్కన నాలుగు అంకెలుంటవి. 2319 అంటే 2019వ సంవత్సరం ఇరవైమూడవ వారంలో చేసినది. చారలు లోతుగా ఉన్నా, ఏండ్లు మీరిన రబ్బరు గట్టిపడుతుంది; ఆ వేగంలో దానిని నమ్మరాదు. నాలుగు టైర్లూ నాలుగు రకాలైతే యజమాని చేయి బిగుసుకొని ఉన్నదని గ్రహించవలెను. బ్రేకు పళ్ళెములు ఇనుపవా, కార్బన్ సిరామిక్‌వా అడగండి. రెండవ రకమైతే అంచులు పెచ్చులు ఊడినవేమో చూడవలెను. వాటిని మార్చాలంటే లక్షల మాట.

చెట్టిపాళయం బాటలో గాని, మరొక బాటలో గాని ఈ బండి పరుగెత్తినదా అని కూడా అడగవలసి ఉన్నది. బాట మీద నడపడం తప్పు కాదు. ఆ వేగం అక్కడ చూపడమే మేలు. ఊరి వంతెన మీద కాదు. కాని సామాన్య భీమా పత్రంలో పందెములకు, వేగపరీక్షలకు రక్షణ లేదు. అక్కడ దెబ్బ తిన్న బండిని సొంత ఖర్చుతో పైపైన సవరించి అమ్ముతారు. భీమా దస్తరంలో దాని జాడ ఉండదు.

బాగున్నదని తేలి కొన్న తరువాత ఏటేటా ఎంత అవుతుందో ముందే వ్రాసుకోవలెను. భీమా, టైర్లు, నూనె, బ్రేకులు. బండి ధర సగం అయినా విడిభాగాల ధర సగం కాదు. అది కొత్త బండి ధరకు తగినట్లే ఉంటుంది. కోయంబత్తూరులో ఏ లోహపు భాగమైనా చేసి ఇవ్వగల లేతు మేస్త్రులున్నారు, నిజమే. విద్యుత్ పెట్టెకు మాత్రం వారేమీ చేయలేరు. ధరలో నూటికి పదిహేను రూపాయలైనా విడిగా దాచి ఉంచలేనివారు ఇంకొక ఏడాది ఆగడం మంచిది.

అమ్మేవారికి కూడా ఒక మాట. సొమ్ము చేతికి రాగానే తాళాలు ఇచ్చి, 29, 30 నంబరు ఫారములు సంతకం చేసి దళారి చేతిలో పెట్టి మరచిపోయేవారు మనలో చాలామంది. బండి అమ్మిన సంగతి పదునాలుగు రోజులలో రవాణా ఆఫీసుకు తెలుపవలెను. 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో, చేతులు ఎన్ని మారినా రిజిస్టరులో ఎవరి పేరున్నదో ఆయనే ప్రమాద పరిహారానికి బాధ్యుడని తేల్చింది. అందుచేత పేరు మారిన ఆర్. సి.ని కళ్ళతో చూచేవరకు, పరివాహన్ దస్తరంలో వారానికొకసారి నంబరు కొట్టి చూస్తూ ఉండండి. తల్లి పేర బండి ఉన్న ఇళ్ళలో ఈ పని కొడుకుకు వదలక, ఆ తల్లే చేసుకోవడం మేలు.