పాత గోదావరి వంతెన

మా అమృతలూరు వైపు వరల బావి దింపుట చూచినవారికి గోదావరి వంతెన కట్టిన విధము బోధపరచుట కష్టము కాదు. నేలపై ఒక వర నిలిపి, దాని లోపల కూర్చుండి మట్టి త్రవ్వి పైకి పంపుదురు. అడుగున ఆధారము పోయినకొలది వర తన బరువుతోనే దిగును. దానిపై మరియొకటి, దానిపై ఇంకొకటి. రాజమహేంద్రవరమునకు, కొవ్వూరునకు నడుమ నున్న పాత రైలువంతెన స్తంభములు ఇట్టి బావుల మీదనే నిలిచి యున్నవి. కాని ఆ బావులు దిగినది నదీగర్భమున.

గత మాఘమాసమున మేము నలుగురము వేమూరులో రైలెక్కి, తెనాలిలో మారి, కొవ్వూరులో దిగితిమి. గోష్పాద క్షేత్రము వరకు నడచి, అచ్చటినుండి గట్టు వెంబడి సాగితిమి. వంతెన పైకెక్కు తలంపు మాకు లేదు. దానిని చూడవలసినది క్రిందినుండియే.

విజయవాడకడ కృష్ణమీద 1893లో వంతెన పూర్తియైనను, గోదావరి మాత్రము రైలునకు లొంగలేదు. మద్రాసు వైపునుండి వచ్చినవారు కొవ్వూరులో దిగి, మూటముల్లెలతో నది దాటి, ఆవలి గట్టున మరల రైలెక్కవలసి యుండెను. 1897 నవంబరులో పని మొదలై, 1900 ఆగస్టులో వంతెనమీద రైళ్ళు నడచినవి. మూడేండ్లయినను నిండలేదు. కాశీకడ గంగమీద వంతెన కట్టిన వాల్టన్ దొరయే దీనికిని ఇంజనీరు. వంతెనకు పెట్టినది మాత్రము ఆనాటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు. గవర్నరుగారు ఒక్క తట్ట ఇసుకయైనను మోయలేదు గదా యని మాలో నొకరనిరి.

ఖానాలు 56, ఒక్కొక్కటి 150 అడుగులు. మొత్తము ఒకటిన్నర మైలునకు పైమాట. అయినను కంటికి కనబడు ఈ దూలములకంటె కనబడని బావులే ఘనకార్యము. వరదకాలమున గోదావరిలో నీరొక్కటే ప్రవహించునని యనుకొనరాదు. అడుగు ఇసుకయు కదలి పోవును. స్తంభము అడ్డమైనచోట నీరు సుడిగొని, దాని మొదట మరింత లోతుగా కోయును. ఆ కోతకు అందనంత క్రిందికి బావి దిగవలెను. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరముకడ సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయినది. అప్పటికి ఎనుబదియారేండ్ల వయసు గల యీ వంతెన ఆ ప్రవాహమునకు నిలిచినది.

మాతో వచ్చిన పిల్లవాడు వరల బావి దింపుట ఎన్నడును చూడలేదు. వానికొరకు అడుగులేని డబ్బా నొకదానిని తడి ఇసుకపై నిలిపి, లోపల త్రవ్వుమంటిమి. వాడు తన చేతికి అందిన వైపే త్రవ్వెను. డబ్బా ఆ వైపునకు ఒరిగెను. రెండవ వైపు త్రవ్వినగాని నిలువు కాలేదు. నదిలోనైనను చిక్కు ఇదియే. ఒరిగిన బావిని నిలబెట్టుటకు ఎగువనున్న వైపు త్రవ్వుదురు, అటే బరువు నెక్కింతురు. గట్టి నేల చేరిన పిమ్మట అడుగును కాంక్రీటుతో మూసి, దానిపై స్తంభము లేపుదురు. డబ్బా సరిగా దిగువరకు వాడు మమ్ము కదలనీయలేదు.

ఉక్కునకు తుప్పు ఒక్కటే శత్రువు గాదు. బండి వచ్చినపుడెల్ల వంగి, పోయినపుడెల్ల లేచు దూలము ఏండ్లు గడచినకొలది అలసి పగులు వారవచ్చును. 1974లో రోడ్డు, రైలు కలిసిన రెండవ వంతెన వచ్చినది. తరువాత విల్లులవంటి కమానులతో కాంక్రీటు వంతెన లేచినది. 1997లో పాత వంతెనకు విశ్రాంతి నిచ్చిరి. కొత్తదానికి ఖానాలు 28 మాత్రమే, పాతదానిలో సరిగా సగము. అనగా నదిలో దింపవలసిన స్తంభములును దాదాపు సగమైనవి.

పాత వంతెనను విహారస్థలముగా తీర్చు పనికి 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగినది. దీపములు పెట్టుదురు గాక, అంగళ్ళును పెట్టుదురు గాక, వలదనము. కాని గట్టున ఒకచోట ఇసుకతొట్టి యొకటి, నాలుగు వరలు ఉంచి, పిల్లలచేత త్రవ్వించినచో బాగుండును. మా ఊళ్ళలో గొట్టపుబావులు వచ్చిన తరువాత వరల బావులు పూడ్చుచున్నారు. పైన నున్న వంతెన ఎట్లు నిలిచినదో చెప్పుటకు మరి సులభమైన పోలిక నాకు తోచుట లేదు.

ప్రొద్దు వాలువేళకు స్టేషనునకు తిరిగితిమి. రైలు కమానుల వంతెన మీదుగా పోవుచుండగా, పిల్లవాడు కిటికీకడ కూర్చుండి పాత స్తంభములను లెక్కపెట్ట నారంభించెను. ఇరువదికి మించి సాగలేదు.